సీసా చీరవుతుంది, చీర ఏమవుతుంది?

సూరత్ నగరానికి నైరుతిగా దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో తాపీ నది అరేబియా సముద్రంలో కలుస్తుంది. ఆ నదీముఖానికి ఒక ఒడ్డున డుమస్, ఎదుటి ఒడ్డున హజీరా. డుమస్ అంటే సూరత్ వాసులకు నల్ల ఇసుక, టమాటా భజియా, దరియా గణేశ్ గుడి, చిన్నప్పటి నుంచీ విన్న దయ్యాల కథలు. ఆదివారం సాయంత్రమైతే పిల్లాపాపలతో జనం అక్కడికే చేరతారు. హజీరాది వేరే లోకం. అక్కడ ఓఎన్‌జీసీ గ్యాస్ కేంద్రం, ఉక్కు కర్మాగారం, వాటి పక్కనే 1990ల తొలినాళ్ల నుంచి నడుస్తున్న రిలయన్స్ పెట్రోకెమికల్ సముదాయం ఉన్నాయి. పాలిథీన్, పాలీప్రొపిలీన్, పీవీసీ, పాలిస్టర్... మన ఇళ్లలో కనిపించే ప్లాస్టిక్‌లో ప్రధాన రకాలు చాలావరకు అక్కడ తయారవుతాయి. ప్లాస్టిక్ పుట్టే చోటు, వాడి పారేసిన ప్లాస్టిక్ వచ్చి చేరే చోటు ఇలా ఎదురెదురుగా ఉన్న తీరాలు మన దేశంలో ఎక్కువ లేవు. రీసైక్లింగ్ ఎందుకు ఇంత కష్టంగా మారిందో తెలుసుకోవాలంటే ఈ రెండు ఒడ్లనూ కలిపి చూడాలి. మనం మాత్రం ఎప్పుడూ డుమస్ ఒడ్డునే చూస్తున్నాం.

ఆ ఒడ్డున పోటు తెచ్చి పడేసే వాటిలో ఎక్కువ భాగం పాలసంచుల ముక్కలు, చిప్స్ పొట్లాలు, గుట్కా కవర్లు, సీసా మూతలు, తెగిన ప్లాస్టిక్ తాళ్లు. పాలిథీన్, పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక కాబట్టి అవి తేలతాయి, ఒడ్డుకు వస్తాయి, స్వచ్ఛంద కార్యకర్తల సంచుల్లోకి వెళ్తాయి, ఫొటోల్లో కనిపిస్తాయి. పాలిస్టర్ సాంద్రత నీటికి 1.38 రెట్లు. మూత బిగించిన సీసా లోపలి గాలి వల్ల తేలుతుంది. కానీ పాలిస్టర్ దారం, గుడ్డపీలిక, బట్ట ఉతికిన ప్రతిసారీ ఊడే సన్నని నూగు క్రమంగా అడుగుకు దిగి బురదలో కలిసిపోతాయి. సముద్రాల్లోకి చేరే ప్రాథమిక మైక్రోప్లాస్టిక్‌లో 35 శాతం దాకా కృత్రిమ వస్త్రాల ఉతుకు నుంచే వస్తోందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2017లో అంచనా వేసింది. దేశంలో పాలిస్టర్ బట్టకు అతిపెద్ద కేంద్రమైన నగరం పక్కనున్న తీరంలో, చేత్తో ఏరి తీయగలిగిన చెత్త అసలు సమస్యలో పైపై భాగమే అవుతుంది.

సూరత్ ఒకప్పుడు మురికి నగరమే. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది రైళ్లెక్కి పారిపోయిన నగరం అది. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన తెలుగువాడు, ఐఏఎస్ అధికారి సూర్యదేవర రామచంద్రరావు చెత్త ఎత్తడాన్ని, రోడ్లు ఊడ్వడాన్ని ఉన్నతాధికారుల రోజువారీ పనిగా మార్చారు. ఏసీ గదుల్లో కూర్చునే అధికారులు రోజూ పొద్దున్నే వీధుల్లో తిరగాల్సి వచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాల జాబితాలో పైకి చేరింది. ఎస్.ఆర్.రావుగా దేశానికి తెలిసిన ఆయనకు 1998లో పద్మశ్రీ వచ్చింది. ఆ క్రమశిక్షణ నగరంలో నిలిచింది. 2024 జనవరిలో ప్రకటించిన స్వచ్ఛ సర్వేక్షణ్ ఫలితాల్లో సూరత్ ఇందౌర్‌తో కలిసి దేశంలో మొదటి స్థానాన్ని పంచుకుంది. ఇంటింటికీ బండి వస్తుంది. రోజుకు 2,000 టన్నులకు పైగా చెత్త కదులుతుంది. పాండేసరా పరిశ్రమలకు శుద్ధి చేసిన మురుగునీటిని అమ్మి కార్పొరేషన్ ఆదాయం సంపాదిస్తోంది.

అంటే చెత్త సేకరించడం చేతకాని నగరం కాదిది. ప్లాస్టిక్ రీసైక్లింగ్ సమస్య అంతా పౌరుల నిర్లక్ష్యం, పురపాలక సిబ్బంది అలసత్వం అనే వాదన సూరత్ దగ్గర నిలబడదు. ఇక్కడ బండి వస్తుంది, జనం వేస్తారు, సిబ్బంది ఎత్తుతారు. అయినా డుమస్ దారిలో, వజ్రాల వ్యాపారానికి కట్టిన భారీ డైమండ్ బోర్స్ ఉన్న ఖజోద్‌లోనే, ఏళ్ల తరబడి నగరపు చెత్త గుట్టలుగా పేరుకుంది. అక్కడ సేకరణ లోపం లేదు. సేకరించిన తర్వాత ఏం చేయాలో తెలియని వస్తువులు మార్కెట్‌లోకి వస్తూనే ఉండటం లోపం.

మురుగునీటి సంగతే కాస్త లోతుగా చూద్దాం, ఎందుకంటే ప్లాస్టిక్‌కు అందని పాఠం అందులో ఉంది. బమ్రోలీ కేంద్రంలో రోజుకు 4 కోట్ల లీటర్ల నీటిని మూడో దశ దాకా శుద్ధి చేసి 2014 నుంచి పాండేసరా డైయింగ్ మిల్లులకు పంపుతున్నారు. అది ఎందుకు నిలదొక్కుకుంది? నీరు ఒకే వస్తువు. ఏ ఇంటి మురుగునీరైనా శుద్ధి చేసే పద్ధతి ఒకటే. కొనేవాడు పక్కనే ఉన్నాడు, అతనికి వేరే నీరు అంత సులువుగా దొరకదు, ధర ముందే ఖరారైంది. ప్లాస్టిక్ దగ్గర ఇవన్నీ తలకిందులవుతాయి. వస్తువు ఒకటి కాదు, డజన్ల కొద్దీ రకాలు. కొనేవాడు ఎక్కడున్నాడో తెలియదు. పైగా నదికి అవతల హజీరాలోనే కొత్త ప్లాస్టిక్ తక్కువ ధరకు, ఎక్కువ నాణ్యతతో, కోరినంత దొరుకుతుంది.

ఈ రకాల సంగతి చెత్త ఏరేవాళ్లకు తెలిసినంతగా విధానాలు రాసేవాళ్లకు తెలియదని నాకనిపిస్తుంది. సూరత్‌లో పాత సామాన్ల కొట్టును భంగార్ దుకాణం అంటారు. తూకానికి కూర్చునే వ్యాపారి చేత్తో పట్టుకుని, నలిపి, చప్పుడు విని, అవసరమైతే అంచు కాల్చి వాసన చూసి రకం చెబుతాడు. రంగులేని నీళ్ల సీసాకు మంచి ధర. ఆకుపచ్చ సీసాకు తక్కువ. షాంపూ డబ్బా, బకెట్, పాలసంచి వేరువేరు రాసులు. చిప్స్ పొట్లం, షాంపూ సాచెట్, గుట్కా కవరు దగ్గరికి వచ్చేసరికి తూకం ఆగిపోతుంది. ఒక సాచెట్ బరువు గ్రాముకు అటూఇటూ. కిలో కావాలంటే వంగి వెయ్యిసార్లు ఏరాలి. ఏరినా కొనేవాడు లేడు. ఎందుకంటే ఆ పొట్లంలో పాలిస్టర్ పొర, అల్యూమినియం పూత, పాలిథీన్ పొర అతికి ఉంటాయి. వాటిని విడదీయడం ఉడికిన పప్పులోంచి ఉప్పు తీయడం లాంటిది. డుమస్ ఇసుకలో మిగిలిపోయేది సరిగ్గా ఆ పొట్లమే. ఏరేవాళ్ల నిర్లక్ష్యం వల్ల అది మిగల్లేదు. రోజంతా ఎండలో తిరిగి పొట్ట పోసుకునే మనిషి, కూలి దక్కని వస్తువు కోసం ఎందుకు వంగాలి?

1980ల్లో కడలూరు ప్రాంతం నుంచి మొదలైన షాంపూ సాచెట్ పేదింటికి కూడా షాంపూ చేర్చిందని వ్యాపార పాఠ్యపుస్తకాలు మెచ్చుకుంటాయి. అది నిజమే. కానీ ఆ రూపాయి ధరలో ఖాళీ కవరు ఎత్తడానికయ్యే ఖర్చు ఏనాడూ లేదు. ఆ ఖర్చును నగరం, నది, సముద్రం భరిస్తూ వచ్చాయి.

దీన్ని సరిచేసే అవకాశం 2016లో వచ్చింది. ఆ ఏడాది కేంద్రం తెచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, రీసైకిల్ చేయలేని బహుళపొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో దశలవారీగా నిలిపివేయాలన్నాయి. గడువు ముంచుకొచ్చిన సమయానికి, 2018 మార్చిలో, ఒక సవరణ వచ్చింది. రీసైకిల్ చేయలేనిది, దాని నుంచి శక్తిని రాబట్టలేనిది, మరే ఇతర ఉపయోగమూ లేనిది మాత్రమే నిలిపివేయాలని ఆ వాక్యాన్ని మార్చారు. ప్లాస్టిక్ చమురు నుంచి పుట్టిన వస్తువు. తగలబెడితే వేడి వస్తుంది. కాబట్టి ఏ పొట్లమైనా సిమెంటు బట్టీలో ఇంధనంగా పనికొస్తుందని చెప్పవచ్చు. ఆ సవరణతో నిషేధం కాగితం మీదే మిగిలింది. తర్వాతి నాలుగేళ్లలో ఎన్ని కోట్ల పొట్లాలు అచ్చయి ఉంటాయో ఎవరూ లెక్క రాయలేదు.

2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే కొన్ని వస్తువులపై నిషేధం అమల్లోకి వచ్చింది. స్ట్రాలు, ఇయర్‌బడ్ పుల్లలు, ప్లాస్టిక్ చెంచాలు, పళ్లేలు ఆ జాబితాలో ఉన్నాయి. చిప్స్ పొట్లం, సాచెట్ లేవు. చేతిసంచులకు మందం పెంచారు: 50 మైక్రాన్ల నుంచి 2021 సెప్టెంబరు చివరికి 75, 2022 డిసెంబరు చివరికి 120. మందం పెరిగితే సంచి బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే ఏరేవాళ్లకు గిట్టుబాటవుతుంది అన్నది దీని వెనకున్న ఆలోచన. ఇది సరైన దిశే. భంగార్ దుకాణపు తర్కాన్ని అర్థం చేసుకుని రాసిన నిబంధన ఇదొక్కటే కావచ్చు.

అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత మార్గదర్శకాలు ఇంకా పెద్ద ఆశ కలిగించాయి. ప్యాకింగ్ మార్కెట్‌లోకి వదిలిన కంపెనీ ఏటా అందులో ఇంత శాతం రీసైకిల్ అయ్యేలా చూడాలి. 2024-25కు గట్టి డబ్బాల్లో 50 శాతం, పల్చటి కవర్లలో, బహుళపొరల పొట్లాల్లో 30 శాతం. 2027-28 నాటికి గట్టి డబ్బాలకు 80, మిగతా వాటికి 60. కంపెనీ స్వయంగా చేయనక్కర్లేదు, రీసైక్లింగ్ చేసినవాళ్ల దగ్గర ధ్రువపత్రం కొనుక్కుంటే చాలు. కష్టం ఇక్కడే మొదలైంది. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లో గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటకల్లో నాలుగు సంస్థలే దాదాపు 6 లక్షల నకిలీ ధ్రువపత్రాలు సృష్టించినట్టు బయటపడింది. పేపరు మీద రీసైకిల్ అయిన ఆ ప్లాస్టిక్ నిజానికి ఎక్కడికి పోయింది? సూరత్ ఉన్నది ఆ మూడు రాష్ట్రాల్లో ఒకటైన గుజరాత్‌లోనే. ఈ తీరంలో ఇసుక నుంచి ఏరిన పొట్లం కూడా ఏ లెక్కలోనో ఇప్పటికే రీసైకిల్ అయిపోయి ఉండవచ్చనే అనుమానాన్ని తోసిపుచ్చలేం.

లెక్కల మీద నమ్మకం లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. దేశంలో ఏటా పుట్టే ప్లాస్టిక్ వ్యర్థం సుమారు 41 లక్షల టన్నులని కాలుష్య నియంత్రణ మండలి నివేదికలు చెబుతాయి. 2024లో నేచర్ పత్రికలో బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అంచనా ప్రకారం, భారత్‌లో ఎవరి అదుపులోనూ లేకుండా పర్యావరణంలోకి పోతున్నది, ఆరుబయట తగలబడుతున్నది కలిపితేనే ఏటా 93 లక్షల టన్నులు. ప్రపంచంలో ఇదే అతి ఎక్కువ. పుట్టినదానికి రెట్టింపు కంటే ఎక్కువ ఎలా పోతుంది? పద్ధతులు వేరు కావచ్చు, గ్రామాలను లెక్కించిన తీరు వేరు కావచ్చు. ఏదేమైనా, చెత్త ఎంత పుడుతోందో సరిగా తెలియనప్పుడు అందులో ఇంత శాతం రీసైకిల్ అయిందని చెప్పే అంకెకు పునాది ఉండదు. ప్రపంచ లెక్క అంతకంటే కఠినంగా ఉంది. 1950 నుంచి 2015 దాకా మనిషి తయారుచేసిన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులు. వ్యర్థంగా మారినదాంట్లో రీసైకిల్ అయింది 9 శాతం.

ఇంత నిరాశలోనూ ఒక విజయగాథ చెబుతుంటారు, అది నీళ్ల సీసా. భారత్‌లో రంగులేని సీసా వీధిలో ఎక్కువసేపు ఉండదు. ఎవరో ఒకరు ఏరతారు. అది దుకాణం చేరుతుంది, అక్కడి నుంచి కార్ఖానాకు వెళుతుంది. అక్కడ లేబుల్ ఊడదీస్తారు, ముక్కలు చేస్తారు, కాస్టిక్ సోడా కలిపిన వేడినీటిలో కడుగుతారు. నీటి తొట్టిలో వేస్తే సీసా ముక్కలు మునుగుతాయి, మూత ముక్కలు తేలతాయి. ఇక్కడ జాగ్రత్తగా ఉండాల్సింది పీవీసీతో. సీసా ముక్కల్లో కొద్దిపాటి పీవీసీ లేబుల్ కలిసినా, కరిగే వేడికి అది విడిపోయి ఆమ్లం వెలువడుతుంది, మొత్తం సరుకు పసుపెక్కిపోతుంది. పీవీసీ కూడా నీటిలో మునుగుతుంది కాబట్టి తొట్టి దాన్ని పట్టుకోలేదు. చేత్తోనో యంత్రంతోనో ఏరాల్సిందే. తడి మిగిలినా చిక్కే, కరిగేటప్పుడు పాలిస్టర్ గొలుసులు తెగి బలం తగ్గుతుంది. బలం తగ్గిన పాలిస్టర్ ఆ స్థితిలో సీసాకు పనికిరాదు, కానీ దారానికి సరిపోతుంది. అందుకే ఈ దేశంలో ఏరిన సీసాల్లో ఎక్కువ భాగం మళ్లీ సీసాలు కాలేదు, పాలిస్టర్ దారమయ్యాయి. దిండ్లలో దూదిగా, చొక్కాలుగా, చీరలుగా మారాయి.

ఇక్కడే సూరత్ అసలు కథలోకి వస్తుంది. ఈ కథలో మన వాళ్లు కూడా ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరాలుగా పద్మశాలీలు సూరత్ వెళ్లి పవర్‌లూమ్‌ల మీద పనిచేస్తున్నారు. లింబాయత్ లాంటి పేటల్లో తెలుగు వినబడుతుంది. సూరత్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. వాళ్లు నేసిన పాలిస్టర్ చీరే రింగురోడ్డు మార్కెట్లలో బేళ్లకు బేళ్లు కట్టి మన ఊళ్లకు వస్తుంది. సూరత్ చీర అంటే చవకైనది, ముడత పడనిది, ఉతికితే వెంటనే ఆరేది. పెళ్లిళ్లలో పెట్టుపోతలకు, పొలం పనికి, రోజువారీ కట్టుకు అదే. సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) మీద నేసేదీ ఎక్కువగా పాలిస్టరే. ప్లాస్టిక్ వాడకం తగ్గించాలని ఉపన్యాసాలు వింటున్నప్పుడు మన ఒంటి మీద ఉన్నది కూడా అదే పదార్థమని మనకు గుర్తురాదు. ప్రపంచంలో ఏటా తయారయ్యే నూలు, నార, దారాలన్నిటిలో సగానికి పైగా ఇప్పుడు పాలిస్టరే.

సీసా చీరైనందుకు సంతోషిస్తున్నాం, దాన్ని పర్యావరణ హితమని లేబుళ్ల మీద రాస్తున్నాం. ఆ చీర చిరిగిన తర్వాత? దానికి దారి లేదు. సీసాలో ఉన్నది ఒకే పదార్థం, రంగు లేదు, ఆకారం గుర్తుపట్టేది. చీరలో పాలిస్టర్‌తో పాటు ఒకచోట విస్కోస్, ఒకచోట నైలాన్, రవికలో సాగే స్పాండెక్స్, అంచులో లోహపు పూత పూసిన జరీ, మీద జిగురుతో అతికించిన రాళ్లు, లోపలిదాకా ఇంకిన ముదురు రంగు. సూరత్ ఒకప్పుడు వెండి, బంగారు జరీకి ప్రసిద్ధి. ఆ జరీని కరిగించి లోహం రాబట్టుకునేవారు. ఇప్పటి జరీలో ఎక్కువ భాగం పూత పూసిన ప్లాస్టిక్ పొరే. ప్రపంచంలో రీసైకిల్ చేసిన పాలిస్టర్ దాదాపు మొత్తం సీసాల నుంచే వస్తోంది. పాత బట్ట నుంచి తిరిగి దారమయ్యేది ఒక శాతం లోపే. అంటే సీసాను దారం చేసినప్పుడు మనం దాన్ని కాపాడలేదు. మళ్లీ మళ్లీ సీసా కాగలిగిన పదార్థాన్ని, ఆ తర్వాత ఎటూ పోలేని వస్తువుగా మార్చాం. డుమస్ బురదలోకి నూగు చేరడం, ఖజోద్ గుట్టలో పాత బట్టలు పోగవడం ఆ దారి చివర జరిగేవే.

మన ఊళ్లలో పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే వాళ్లుండేవారు. నూలు బట్టకు అప్పట్లో తుడుపుగుడ్డగానైనా విలువ ఉండేది. పాలిస్టర్ నీరు పీల్చదు కాబట్టి తుడుపుగుడ్డగా కూడా సరిగా పనికిరాదు. గిన్నెలిచ్చే వాళ్లు కనిపించకుండా పోతున్నారంటే ఒక కారణం ఇదీ కావచ్చు.

కలగలిసిన పదార్థాల చిక్కు బట్టలతోనే ఆగదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో విశాఖ తీరంలో భారీ శుభ్రతా కార్యక్రమం జరిపి, ఫ్లెక్సీలను నిషేధిస్తున్నట్టు అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. ఫ్లెక్సీ అంటే పాలిస్టర్ వలకు రెండువైపులా పీవీసీ పూత. పైన చెప్పినట్టు ఈ రెండు పదార్థాలూ ఒకదాన్నొకటి పాడుచేసేవే. తెలుగు రాష్ట్రాల్లో పుట్టినరోజుకూ వర్ధంతికీ లేచే ఆ బ్యానర్లకు రీసైక్లింగ్‌లో చోటు లేదు. ఆ నిషేధం తర్వాత సడలిపోయింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఫ్లెక్సీల కరువు రాలేదు.

రీసైక్లింగ్ వ్యాపారం ఎందుకు తలెత్తుకోలేకపోతోందంటే ధర దగ్గర ఓడిపోవడం వల్ల. ముడి చమురు ధర పడిన ప్రతిసారీ కొత్త ప్లాస్టిక్ చవకవుతుంది. పాత ప్లాస్టిక్‌ను ఏరడం, మోయడం, కడగడం, ఎండబెట్టడం మాత్రం చవక కావు. పైగా 2021 అక్టోబరు నుంచి ప్లాస్టిక్ తుక్కు మీద జీఎస్టీని 5 శాతం నుంచి 18కి పెంచారు. బిల్లు రాయని చిన్న దుకాణదారుల మీద ఆధారపడిన రంగంలో ఇలా చేస్తే, వ్యాపారం ఇంకా చీకట్లోకి పోతుంది, నకిలీ పత్రాలకు చోటు పెరుగుతుంది. ఒకవైపు రీసైకిల్ చేయమని లక్ష్యాలు పెట్టి, మరోవైపు ముడిసరుకు మీద పన్ను పెంచడం ప్రభుత్వం తన చేతిని తానే వెనక్కి లాక్కోవడమే.

మార్పు వస్తున్న చోట్లు ఉన్నాయి. 2022లో ఆహార భద్రతా సంస్థ తన నిబంధనలు మార్చడంతో రీసైకిల్ చేసిన పాలిస్టర్‌ను మళ్లీ నీళ్ల సీసాలకు వాడే వీలు కలిగింది. హైదరాబాద్‌కు చెందిన శ్రీచక్ర పాలీప్లాస్ట్ లాంటి సంస్థలు ఆహారానికి పనికొచ్చే నాణ్యతతో తయారీ చేపట్టాయి. 2025-26 నుంచి గట్టి ప్యాకింగ్‌లో 30 శాతం, 2028-29కి 60 శాతం రీసైకిల్ ప్లాస్టిక్ ఉండాలన్న నిబంధనతో సీసాలకు సీసా కంపెనీలే పోటీ పడతాయి. మరోవైపు ఏటా 500 కోట్ల సీసాలను దారంగా మార్చే స్థాయికి సామర్థ్యం పెంచుకుంటామని రిలయన్స్ 2021లో ప్రకటించింది. అందులో భాగంగా ఆంధ్రప్రదేశ్‌లో ఒక కర్మాగారం వస్తుందని చెప్పింది. ఒకే సీసా కోసం దారం మిల్లు, సీసాల కంపెనీ రెండూ చేయి చాస్తే ఏరేవాళ్లకు నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చు, మంచిదే. కానీ ఆ పోటీలో సీసా మళ్లీ సీసా కావడానికే ప్రాధాన్యం ఉండాలి. దారానికి ముడిసరుకు పాత బట్ట నుంచి రావాలి.

అది సాధ్యమా? పాలిస్టర్‌ను మిథనాల్‌తోనో గ్లైకాల్‌తోనో మూలపదార్థాల దాకా విడగొట్టి, రంగు తీసేసి, మళ్లీ కొత్తదానితో సమానంగా తయారుచేయవచ్చు. ఎస్టర్ ఇండస్ట్రీస్, కెనడాకు చెందిన లూప్ ఇండస్ట్రీస్ కలిసి ఇలాంటి కర్మాగారం భారత్‌లో పెడతామని 2024లో ప్రకటించాయి, అందుకు గుజరాత్‌ను ఎంచుకున్నాయి. ఈ రసాయన పద్ధతికి ఖర్చు, విద్యుత్తు ఎక్కువ. అందులోకి వెళ్లే బట్టలో పాలిస్టర్ ఎంత స్వచ్ఛంగా ఉంటే గిట్టుబాటు అంత బాగుంటుంది. కనుక ఎంత గొప్ప యంత్రం వచ్చినా మళ్లీ మొదటి ప్రశ్నకే వస్తాం. వస్తువు తయారైన రోజే అది దేనితో తయారైంది, ఎన్ని పదార్థాలు కలిశాయి అన్నది తేలిపోతుంది. రీసైక్లింగ్ భవితవ్యం హజీరా ఒడ్డున, పాండేసరా మిల్లుల్లో, పొట్లం డిజైన్ చేసే గదిలో నిర్ణయమవుతోంది. డుమస్ ఇసుకలో చెత్త ఏరే విద్యార్థుల మీద ఆ భారం మోపడం అన్యాయం.

ఈ మాట ప్రపంచ వేదికల మీద కూడా గొంతులోనే ఆగిపోతోంది. 2022 మార్చిలో నైరోబీలో ప్లాస్టిక్ కాలుష్యంపై అంతర్జాతీయ ఒప్పందం చేసుకోవాలని దేశాలు తీర్మానించాయి. 2024 చివర బూసాన్‌లో, 2025 ఆగస్టులో జెనీవాలో చర్చలు ఏ ఒప్పందమూ లేకుండా ముగిశాయి. తయారీకే పరిమితి పెట్టాలన్న దేశాలకూ, వ్యర్థాల నిర్వహణ దగ్గరే ఆగాలన్న చమురు దేశాలకూ మధ్య పీటముడి పడింది. భారత్ కూడా ఉత్పత్తిపై పరిమితిని వ్యతిరేకించింది. చవక బట్ట, చవక ప్యాకింగ్ మీద కోట్ల మంది ఉపాధి ఆధారపడ్డ దేశానికి ఆ భయం సహజమే. లింబాయత్ నేతకార్మికుడి కూలిని పణంగా పెట్టే ఏ విధానాన్నీ నేను సమర్థించలేను. కానీ వర్షాకాలంలో మీఠీ ఖాడీ అనే వాగు పొంగి ప్లాస్టిక్ కుక్కిన మురుగు ఇళ్లలోకి చొరబడేది కూడా ఆ లింబాయత్ పేటలోకే. ఉత్పత్తికి పరిమితి ఒప్పుకోకపోయినా, ఏ పదార్థాన్ని దేనితో కలపకూడదో చెప్పే నిబంధనకు అడ్డు చెప్పాల్సిన అవసరం మనకు లేదు. రకాలు తగ్గితే కూలి తగ్గదు.

వస్త్రాలకు తయారీదారుల బాధ్యతను ఫ్రాన్స్ 2007 నాటికే చట్టం చేసింది. 2025లో యూరోపియన్ యూనియన్ సభ్యదేశాలన్నిటికీ దాన్ని తప్పనిసరి చేసింది. సూరత్ నుంచి, తిరుప్పూర్ నుంచి అక్కడికి బట్టలు పంపే ఎగుమతిదారుల మీద దాని ప్రభావం పడి తీరుతుంది. మన నిబంధనల్లో మాత్రం ఆ బాధ్యత ప్యాకింగ్ దగ్గరే ఆగింది. చీర చుట్టిన కవరుకు లెక్క చెప్పాలి, లోపలి చీరకు అక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాలు ఢిల్లీ కోసం ఎదురుచూడకుండా చేయగలిగింది ఒకటుంది. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల పేరుతో ఏటా కోటికి అటూఇటూ చీరలు సిరిసిల్లలో నేయించింది. ప్రభుత్వం మారాక పథకం పేరు మారింది గానీ, ఆర్డరు సిరిసిల్లకే వెళ్లింది. బడిపిల్లల యూనిఫాంలు దీనికి అదనం. ఇంత పెద్ద కొనుగోలుదారు మాట ఏ మిల్లూ కాదనదు. ఆ ఆర్డరులో దారం మందం, రంగు, చీర పొడవు, అంచు వెడల్పు ఇప్పటికే వివరంగా రాస్తారు. జరీ కూడా లోహపు పూత లేని పాలిస్టరే అయి ఉండాలని, స్పాండెక్స్, విస్కోస్ కలపకూడదని, పాతబడిన చీరను మండల కేంద్రంలో ఏ చోట తిరిగి తీసుకుంటారో అంచు మీద అచ్చు వేయాలని ఇంకో మూడు వాక్యాలు చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు.